మామ్మను పేర్లు అడగకండి, ఇల్లు గీయమనండి

మా ముత్తాత రంగం వెళ్ళాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. రంగం అంటే బర్మాలోని రంగూన్, మా ఉత్తరాంధ్ర పెద్దవాళ్ళకి అది రంగమే. ఎప్పుడు వెళ్ళాడు, ఎవరి వెంట వెళ్ళాడు, అక్కడ ఏ పని చేశాడు, 1942లో జపాన్ వాళ్ళు బర్మా మీద పడ్డప్పుడు అందరూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగొస్తుంటే ఈయన ఎందుకు రాలేదు, ఇవన్నీ తెలిసిన మనిషి మా తాత ఒక్కడే. ఈ సంక్రాంతికి కూర్చుని అన్నీ అడగాలి అనుకుంటూ నాలుగు సంక్రాంతులు గడిపేశాను, ఐదోదానికి తాత లేడు. మిగిలింది మామ్మ (మా వైపు నాయనమ్మని మామ్మ అంటాం). తాత పెద్దకర్మ అయిన నెలకి ఆమె దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. ఈ రెండేళ్ళలో నలభై సార్లయినా కూర్చుని ఉంటాను. ఎలా అడిగితే మాట వచ్చిందో, ఎలా అడిగితే నోరు మూతపడిందో ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో ఎనభై దాటినవాళ్ళు ఉంటే దయచేసి వచ్చే పండగ దాకా ఆగకండి, ఈ ఆదివారమే మొదలుపెట్టండి.

మొదటిరోజు నేను చేసిన తప్పు చెప్తాను. నోటుబుక్కులో ఇరవై ప్రశ్నలు రాసుకుని వెళ్ళాను. మీ తాత పేరేంటి, ఆయన ఏ ఊళ్ళో పుట్టాడు, మీ పెళ్ళి ఏ సంవత్సరంలో జరిగింది, ఇలాంటివి. మూడో ప్రశ్నకే మామ్మ "నాకేటి గుర్తురా, సదువుకున్నదాన్నేటి" అని లేచి వెళ్ళిపోయింది. ఆమెకి గుర్తులేక కాదు. పేర్లు, తేదీలు అడిగితే పెద్దవాళ్ళకి పరీక్ష రాస్తున్నట్టు ఉంటుంది, తప్పు చెప్తానేమో అని టెన్షన్ పడతారు, దానికన్నా తెలీదు అనేయడం నయం అనుకుంటారు.

తర్వాతి వారం పుస్తకం పట్టుకెళ్ళలేదు. "మామ్మా, మీ పుట్టిల్లు ఎలా ఉండేదో చూపించు" అన్నాను. పెన్ను ఇస్తే పట్టుకోలేదు, ముగ్గు డబ్బా తెచ్చుకుంది. వాకిట్లో నేల మీద పిండితో ఒక గుండ్రం గీసింది, దాని లోపల ఇంకో గుండ్రం. అది చుట్టిల్లు. మట్టిగోడలు, పైన తాటాకు, నేల దాకా దిగిన కప్పు, మా సముద్రం పక్క ఊళ్ళలో గాలివానకి తట్టుకునేలా కట్టుకునే ఇళ్ళు. గుమ్మం ఎటు ఉండేదో చూపించి, వేలితో చిన్న చిన్న చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. ఇక్కడ తిరగలి, ఇక్కడ పొయ్యి, ఇక్కడ అయ్య మంచం, ఇక్కడ మేము పిల్లలం. గుమ్మం వెనక మూల ఒక చుక్క పెట్టి "ఈడ మా మేనత్త పడుకునీది" అంది. ఏ మేనత్త అన్నాను. పదకొండేళ్ళకే మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసి, ఆ ఇంట్లోనే బతికి, ఆ ఇంట్లోనే పోయిన మనిషి. మా నాన్నకి ఆమె సంగతి తెలీదు, మా అత్తలకీ తెలీదు. మామ్మకి జోలపాటలు, పిండివంటలు, పాముమంత్రం అన్నీ నేర్పింది ఆమేనట. నా ఇరవై ప్రశ్నల్లో ఒక్కటైనా ఆమె దాకా వెళ్ళేది కాదు, ఎందుకంటే ఆమెకి పిల్లల్లేరు, వంశవృక్షంలో ఆమె నుంచి కిందకి గీత లేదు.

అందుకే నా మొదటి సలహా ఇదే, దీన్ని మించింది నా దగ్గర లేదు: ముందు ఇల్లు గీయించండి. మీది మండువా లోగిలి కావచ్చు, సీమలో మిద్దె కావచ్చు, తెలంగాణ పల్లెలో పెంకుటిల్లు కావచ్చు. ఎవరు ఎక్కడ పడుకునేవారు, ఎవరి సామాను ఎక్కడ ఉండేది, పశువుల్ని ఎవరు కట్టేవారు, నుయ్యి ఎవరితో కలిసి వాడుకునేవారు అని అడిగితే మనుషులు వరసగా బయటికి వస్తారు. గీసినదాన్ని ఫోటో తీసుకోండి. ఇల్లు అయ్యాక వీధి గీయించండి, వీధి అయ్యాక పొలం దారి, సంతకి వెళ్ళే దారి. ఒక్కోదానికి ఒక్కో పూట పెట్టుకోండి, ఒకే రోజు అన్నీ లాగొద్దు. నలభై నిమిషాలు దాటితే మామ్మ గొంతు బరువెక్కేది, నేను ఆపేసేవాణ్ణి. మధ్యాహ్నం కునుకు తీసి టీ తాగాక, చింతపండు గింజ తీస్తూనో చిక్కుళ్ళు ఒలుస్తూనో ఉన్నప్పుడు మాట బాగా సాగేది. చేతికి పని ఉంటే నోరు తేలికపడుతుంది.

రెండోది, చేతిలో వస్తువు పెట్టండి. రంగం తాత (అదే, మా ముత్తాత) గురించి అడిగితే మామ్మ "నాను కోడల్ని, నాకేటి తెలుస్తాది" అనేది. ఒకరోజు అటక మీద నుంచి లక్క పూసిన తమలపాకుల డబ్బా దింపాను. ఎర్రటి రంగు, మీద నల్లటి సన్నగీతల లతలు, అంచు దగ్గర లక్క పెచ్చులూడి లోపలి వెదురల్లిక కనిపిస్తోంది. మూత తీసి మామ్మ చేతిలో పెడితే ముందు వాసన చూసింది. తర్వాత అడక్కుండానే మొదలుపెట్టింది. అది రంగం నుంచి వచ్చిన డబ్బా. వాళ్ళత్తగారు అందులో ఆకూ వక్కా పెట్టుకునేది కాదు, మనియార్డరు కాగితాలు పెట్టుకునేది. కాగితాలు రావడం ఆగిపోయాక కూడా ప్రతి శుక్రవారం ఆ డబ్బా తుడిచేది. మరుసటేడు రంగం నుంచి నడిచొచ్చిన పక్క ఊరివాళ్ళు ఇద్దరు, ప్రోమ్ దాటాక అరకాన్ కొండల దాకా మాతోనే ఉన్నాడమ్మా, ఆ తర్వాత కనపడలేదు అని చెప్పారట.

ఈ ఒక్క ముక్క కోసం నేను ఎంత తిరిగానో. ఎందుకో చెప్తాను. ఫిజీకి, మారిషస్‌కి, దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి ఒప్పంద కూలీలుగా వెళ్ళిన తెలుగువాళ్ళకి ఒక్కొక్కరి పేరుమీదా కాగితం ఉంది, అందులో తండ్రి పేరు, ఊరు, కులం రాసి ఉంటాయి. మీ పూర్వీకులు అలా వెళ్ళి ఉంటే వెతకండి, మారిషస్ రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. బర్మా సంగతి వేరు. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చి ఓడ ఎక్కించేవాడు, మనిషి మనిషికీ ఆ రకం కాగితం రాసే పద్ధతి లేదు. రంగం వెళ్ళిన మా తాతలకి దాఖలా అంటే ఇంట్లో ఆడవాళ్ళు చెప్పుకున్న మాటే.

వస్తువుల్లో ఇంకో రెండు మన తెలుగిళ్ళలో తప్పకుండా దొరుకుతాయి, ఎవరూ పట్టించుకోరు. ఒకటి సామాను. ఇత్తడి బిందెలు, గంగాళాలు, మరచెంబులు, కంచు గిన్నెలు బోర్లించి అంచుల దగ్గర చూడండి, చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించి ఉంటాయి. ఎవరు ఇచ్చారు, ఎవరి పెళ్ళికి, ఒక్కోసారి తేదీ కూడా. అక్షరాలు అరిగిపోతే కొంచెం పిండి రుద్ది పక్కనుంచి టార్చిలైటు వేయండి, చదవొచ్చు. రెండోది చదివింపుల పుస్తకం. పాత ట్రంకుపెట్టెల అడుగున, పెళ్ళినాటి శుభలేఖలతో కలిపి కట్టేసి ఉంటుంది. నా లెక్కలో దీన్ని మించిన వంశచరిత్ర పుస్తకం లేదు. ఫలానా ఊరి నుంచి ఫలానా వారు, ఇంత చదివించారు అని వరసగా ఉంటుంది కదా, ఆ పేర్లు ఒక్కొక్కటే చదువుతూ "ఈయన మనకి ఏమవుతాడు మామ్మా" అని అడుగుతూ పోయాను. మా పెద్దత్త పెళ్ళి పుస్తకం ఒక్కటే ఆరు సాయంత్రాలు పట్టింది, తెగిపోయిన మూడు చుట్టరికాలు దొరికాయి. చదివింపులు అణాల్లో, బేడల్లో ఉంటే ఆ పెళ్ళి 1957కి ముందుదో ఆ చుట్టుపక్కలదో అనుకోవచ్చు, నయాపైసలు వచ్చింది ఆ ఏడాది ఏప్రిల్ 1న.

తేదీల సంగతికి వద్దాం. పాతతరంలో ఎవరి పుట్టినతేదీనీ సర్టిఫికెట్టు చూసి నమ్మకండి, బడిలో చేర్చేటప్పుడు మాస్టారు నోటికొచ్చింది రాసిన తేదీలే ఎక్కువ, అందుకే అంతమంది జూలై 1న పుట్టారు. ఏ సంవత్సరం అని అడక్కుండా, ఫలానాది జరిగినప్పుడు నువ్వెంత ఉన్నావు అని అడగండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. మామ్మకి ఆ రోజు తెలీదు కానీ పట్నం నుంచి చుట్టాలు ఎడ్లబండి మీద పరుపులు, బిందెలు వేసుకుని వాళ్ళ ఊరు వచ్చేయడం గుర్తుంది. అప్పుడు నువ్వెంత అంటే, ముందు పళ్ళు ఊడాయి, ఆవుపేడలో చుట్టి ఇంటి మీదకి విసిరాను, వచ్చిన చుట్టాల పిల్ల నన్ను చూసి నవ్వింది అని చెప్పింది. ముందు పళ్ళు ఊడేది ఆరేడేళ్ళకి. అంటే 1935 ప్రాంతంలో పుట్టింది. ఆధార్ కార్డులో 1941 అని ఉంది.

మీ ప్రాంతానికి మీ గుర్తులు ఉంటాయి. కృష్ణా జిల్లా వాళ్ళకి 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన, గోదావరి వాళ్ళకి 1953, 1986 వరదలు, తెలంగాణ వాళ్ళకి రజాకార్ల రోజులు, 1948 సెప్టెంబరు పోలీసు చర్య, 1969 ఉద్యమం, గుంటూరు, నల్గొండ వాళ్ళకి నాగార్జునసాగర్ శంకుస్థాపన (1955 డిసెంబరు 10). పట్టపగలు చీకటిపడి కోళ్ళు గూటికి చేరాయి అని ఎవరైనా అంటే 1980 ఫిబ్రవరి 16 సూర్యగ్రహణం కావచ్చు. పుష్కరాలు బాగా పనికొస్తాయి, గోదావరికి 1979, 1991, 2003, 2015, కృష్ణకి ఏడాది తర్వాత.

కొంతమంది పెద్దవాళ్ళు, పాత కాగితాలు సంవత్సరం పేరే చెప్తాయి. ప్రభవ 1927 ఉగాదికి వచ్చింది, మళ్ళీ 1987లో వచ్చింది. జాబితాలో ఎన్నోదో చూసి అందులోంచి ఒకటి తీసి 1927కో 1987కో కలపడమే. తారణ పద్దెనిమిదోది, అంటే 1944 లేదా 2004. జనవరి నుంచి ఉగాది దాకా ఉన్న నెలలు పాత సంవత్సరానివే అని మర్చిపోకండి. భూమి కాగితాల మీద ఫసలీ (రెవెన్యూ వాళ్ళ లెక్క సంవత్సరం) ఉంటే 590 కలపండి, ఫసలీ 1387 అంటే 1977-78.

పేర్ల దగ్గర మన ఇళ్ళలో చాలా చిక్కులున్నాయి. మావైపు ఇంటికో అప్పలస్వామి, వీధికో పైడితల్లి, సింహాచలం అయితే మగవాళ్ళూ ఉంటారు ఆడవాళ్ళూ ఉంటారు. తాత పేరు మనవడికి పెట్టడం వల్ల మా చార్టులో నలుగురు అప్పలనాయుడులు ఉన్నారు. అందుకని ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి, పక్కన ఇంట్లో పిలిచే పేరు రాశాను. మేనరికాలు కూడా ఉంటాయి కదా. మామ్మ తన పెద్దకూతుర్ని సొంత తమ్ముడికే ఇచ్చింది, అంటే ఆ మనిషి మామ్మకి తమ్ముడూ అల్లుడూ, మా నాన్నకి మేనమామా బావా. ఫోనులో దొరికే వంశవృక్షం యాప్‌లు కొన్ని ఇలాంటి చోట అదే మనిషిని రెండుసార్లు గీసేస్తాయి. నంబరు ఉంటే ఆ గందరగోళం ఉండదు. పెద్ద డ్రాయింగ్ షీటు, పెన్సిలు, రబ్బరు తీసుకుని గీయడమే నాకు బాగా కుదిరింది.

ఆ తరం ఆడవాళ్ళలో చాలామంది భర్త పేరు, మామగారి పేరు నోటితో చెప్పరు. బలవంతపెట్టకండి, పక్కనున్నవాళ్ళని అడగండి. ఆడవాళ్ళ పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు తప్పకుండా రాయండి. మన ఇళ్ళలో పెళ్ళిపీటల మీద చెప్పే మూడు తరాలు చూడండి, ఫలానావారి మునిమనవడు, మనవడు, కొడుకు అంటారు, పిండాలు పెట్టేటప్పుడు తల్లివైపు పేర్లకి తడుముకుంటారు. మీ అమ్మమ్మ వాళ్ళమ్మ పేరు మీకు తెలుసా? నాకు ముప్పై ఆరేళ్ళు వచ్చేదాకా తెలీదు. ఇప్పుడు తెలుసు, ఆ పేరు తెలిసిన రోజు నాకు చాలాసేపు ఏడుపొచ్చింది.

రికార్డింగ్ పెద్ద విషయం కాదు, ఫోను చాలు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, టీవీ, ఫ్యాను ఆపండి (ఎండాకాలం అయితే చెట్టుకింద కూర్చోండి), మడతపెట్టిన తువ్వాలు మీద ఆమెకి మూరెడు దూరంలో పెట్టండి. మొదట తేదీ, ఊరు, ఎవరెవరు ఉన్నారో మీ గొంతుతో చెప్పండి. ఇంటికి రాగానే ఫైలుకి పేరు పెట్టండి, "2024-08-11 మామ్మ చుట్టిల్లు" ఇలాగ. వాట్సాప్‌లో పాత ఫోటోలు మామూలుగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. నేను మొదటి పదకొండు రికార్డింగులు ఒక్క ఫోనులోనే ఉంచాను, రిపేరుకి ఇచ్చిన చోట మొత్తం చెరిపేసి ఇచ్చారు. అందులో మామ్మ మేనత్త నేర్పిన జోలపాట ఉంది. మళ్ళీ పాడించాను కానీ రెండో చరణం ఈసారి రాలేదు. అందుకే అదే రోజు ఒకటి లాప్‌టాప్‌లో, ఒకటి డ్రైవ్‌లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న చుట్టం దగ్గర. ఫోటోలకి ల్యామినేషన్ వద్దు, అద్దానికి అంటుకున్న ఫోటోని పీకొద్దు, వెనకాల బాల్‌పెన్నుతో నొక్కి రాయొద్దు, మెత్తటి పెన్సిలుతో రాయండి.

విన్నదాన్ని ఆ వారంలోనే కాగితం మీద పెట్టండి. ఆమె మాటని దిద్దకండి. "ఎలిపోనాడు" అంటే "వెళ్ళిపోయాడు" అని రాయకండి, ఎలిపోనాడు అనే రాయండి. ఫోనులో మాట్లాడితే టైపయ్యేది మా యాసని సగం తప్పు రాస్తుంది, వినుకుంటూ చేత్తో రాయడమే. ప్రతి విషయం పక్కన ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో రాయండి. రంగం తాత సంగతే మా చినతాత వేరేలా చెప్పాడు, ఆయన కొండల్లో పోలేదని, అక్కడ ఇంకో సంసారం ఉండి ఆగిపోయాడని. నాకు మామ్మ మాటే నిజం అనిపిస్తుంది, అయినా రెండూ రాశాను.

కాగితాల కోసం తిరిగేవాళ్ళకి ఒకటి చెప్పాలి. దస్తావేజుల్లో తండ్రిపేరుతో పాటు నాలుగు హద్దుల్లో ఉన్నవాళ్ళ పేర్లు ఉంటాయి, ఆ హద్దుల్లో సగంమంది మన అన్నదమ్ముల పిల్లలే అయ్యుంటారు. తెలంగాణలో అయితే 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన రికార్డు) చూడండి. మావైపు జిల్లా పేరు చూసి మోసపోకండి, విజయనగరం జిల్లా వచ్చింది 1979లో, శ్రీకాకుళం జిల్లా వచ్చింది 1950లో, టెక్కలి, సోంపేట వైపు 1936 దాకా గంజాం జిల్లా. గయలో పిండాలు పెట్టి వచ్చినవాళ్ళు ఇంట్లో ఉంటే అక్కడి పండాల (తీర్థ పురోహితుల) పుస్తకంలో సంతకం ఉంటుంది. మీ కులానికి గోత్రాలు, వంశాలు చెప్పేవాళ్ళు ఉంటే, పిచ్చుకుంట్లవాళ్ళు, భట్రాజులు, పద్మశాలీలకి కూనపులివాళ్ళు, మాదిగలకి డక్కలివాళ్ళు, వాళ్ళు ఊళ్ళోకి వచ్చినప్పుడు కూర్చోబెట్టి భోజనం పెట్టి వినండి, రికార్డు చేసుకోవచ్చా అని అడగండి, వాళ్ళకి ఇవ్వాల్సింది ఇవ్వండి.

ఒక జాగ్రత్త. పొలం మాట, బంగారం మాట వచ్చిందంటే ఇంట్లో ఎవరో ఒకరికి అనుమానం వస్తుంది, వీడు ఆస్తి కోసం తవ్వుతున్నాడని. ముందే అందరికీ చెప్పేయండి ఎందుకు చేస్తున్నారో, అత్తల్నీ పెదనాన్నల్నీ కూడా కూర్చోబెట్టుకోండి. ఇద్దరు ముసలివాళ్ళు కలిస్తే ఇంకా మంచిది, ఒకరిని ఒకరు దిద్దుకుంటారు. కొన్ని మాటలు మాత్రం కోడళ్ళ ముందు, కొడుకుల ముందు రావు. మామ్మ ఫోను వైపు చూసి ఆగిందంటే నేను ఆపేసి జేబులో పెట్టుకునేవాణ్ణి. రాయొద్దు అన్నవి రాయలేదు, అవి ఆమెవి.

పోయిన పసిపిల్లల గురించి మాత్రం అడగండి, మెల్లగా, పక్కన ఇంకెవరూ లేనప్పుడు. "ఐదుగురు పుట్టారు, ముగ్గురు దక్కారు" అని చెప్పి ఊరుకుంటారు, మనమూ ముగ్గురినే రాసుకుంటాం. నేను చార్టు మామ్మకి చూపిస్తూ, ఇదిగో నువ్వు, ఇదిగో మీ అన్న, ఇదిగో మీ తమ్ముడు అని వేలితో చూపించాను. ఆమె తనకీ తమ్ముడికీ మధ్య ఖాళీ మీద వేలు పెట్టి "ఈడ మా సెల్లి" అంది. పురుడు వెళ్ళకుండానే పోయిందట, పేరు పెట్టలేదట. మామ్మ ఆ పిల్లని ఒకసారి ఎత్తుకుంది, తల మీద జుట్టు చాలా ఉండేదని గుర్తు. నా చార్టులో ఇద్దరి మధ్యా అర అంగుళం ఖాళీ ఉంది, అందులో చిన్న గుండ్రం గీసి 31 అని నంబరు వేశాను. పేరు దగ్గర "మామ్మ చెల్లి, జుట్టు ఒత్తు" అని రాశాను. మామ్మ చదవలేదు కదా, నన్ను చదివి వినిపించమంది, వినిపించాను, ఇంకోసారి చదవమంది.